పర్రలో దిగేముందు పోటు చూసుకో

చిట్టితల్లికి,

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ తీరంలో, పోటుకి మునిగే ఉప్పు పర్రల్లో ఉండే చిమ్మట మీద పని చేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరు పురుగుల వెంట పడుతున్నారని పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బూట్లు, టార్చీ, అనుమతి కాగితాలు నువ్వే చూసుకోగలవు. నీ చిమ్మట, కోలియోఫోరా సాలికోర్నియే, రెక్కలు చాచినా 13 మిల్లీమీటర్లు దాటదు. జూలై, ఆగస్టుల్లో ఎగురుతుంది. రెక్కలు చూసి పేరు రాసెయ్యకు. ఆ పర్రల్లోనే కోలియోఫోరా అట్రిప్లిసిస్ అనే ఇంకో చిమ్మట కూడా ఉంటుంది. జననాంగాలను మైక్రోస్కోప్ కింద చూస్తేగానీ ఏది ఏదో తేలదు. శరదృతువులో పర్రలో పెరిగే సాలికోర్నియా మొక్కలు ఎర్రబడతాయి. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, ఉబ్బిన ఒక్కో కణుపునీ తిప్పి చూస్తూ గింజలు తినే ఈ చిమ్మట పిల్లపురుగును వెతకాలి.

నా భయమంతా అక్కడే. తల వంచామంటే టైమ్ తెలియదు. మాతో పనిచేసిన ఒక కుర్రాడు సముద్రం ఎక్కడో దూరంగా ఉందిలే అని ధీమాగా కూర్చున్నాడు. పర్రలో నీళ్లు ఎదురుగా రావమ్మా, పాయల్లోంచి వెనకగా వస్తాయి. వెళ్లేటప్పుడు బురదలో దాటిన పాయ, తలెత్తేసరికి నడుము లోతు నిండింది. దిగితే అడుగున బురద కాళ్లు పట్టేసింది. తాడు విసిరి లాగుతుంటే ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు, రెండో చేతిలో శాంపిళ్ల డబ్బా! పురుగుల కోసం ప్రాణం మీదకు తెచ్చుకుంటావా అని గట్టిగా అరిచాను. చలికి వాడి పళ్లు టకటకలాడుతుంటే నా కోటు తీసి కప్పాను. ఇప్పుడు వాడి స్థానంలో నువ్వు కనిపిస్తున్నావు.

అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకట్రెండు రోజులు పోటు పెద్దగా ఉంటుంది, అప్పుడు దూరం పోకు. ఆటు మొదలయ్యాక దిగు, నీళ్లు పూర్తిగా తగ్గే వేళకే వెనక్కి మళ్లు. పని సగంలో ఉన్నా సరే. ఒంటరిగా అసలే వద్దు. చాదస్తం అనుకున్నా పర్వాలేదు.

ఆ ఎసెక్స్ తీరంలోనే ఉన్న టోల్స్‌బరీ కూడా చూడు. అక్కడ 1995లో కావాలనే సముద్రపు గట్టు తెగ్గొట్టి పొలంలోకి సముద్రాన్ని వదిలారు. సముద్రం పెరుగుతుంటే గట్టు అడ్డుపడి పర్ర వెనక్కి జరగలేక నలిగిపోతుంది, అందుకే అలా చేశారు. ఆ కొత్త బురదలో ముందుగా లేచిన మొక్కల్లో సాలికోర్నియా ఒకటి. దాని వెంట నీ చిమ్మట ఎంతవరకు వచ్చిందో వెతికి నాకు రాయి. నాకు తెలుసుకోవాలని చాలా ఉంది.

దిగే రోజున ఎన్నింటికి గట్టెక్కుతావో ముందే మెసేజ్ పెట్టు. ఎక్కాక ఇంకొకటి పెట్టు. ఎంత రాత్రయినా చూస్తాను.

మీ పెదనాన్న