గాలి ఉష్ణోగ్రత తెలిస్తే గ్రీన్‌లాండ్ మంచు లెక్క తేలిపోతుందా?

"గ్రీన్‌లాండ్‌లో రోజుకి ఎంత మంచు కరుగుతుందో చెప్పడానికి గాలి ఉష్ణోగ్రత చాలు కదా, ఉపరితలానికి వచ్చే, పోయే వేడినంతా లెక్కగట్టే ఇంత పెద్ద ఎనర్జీ బ్యాలెన్స్ మోడల్ దేనికి?" అని ఒకరు అడిగారు. చాలదండీ. అది చాలనేవాళ్లు ఒక్కసారి కూడా మంచు మీద నిలబడి ఉండరని నా గట్టి నమ్మకం.

నేను చదువుకునే రోజుల్లో జులైలో పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని కాంగర్లుస్వాక్ ఊరికి తూర్పున, మంచు ఫలకం అంచుకి వెళ్లాం. అక్కడి వాతావరణ స్టేషన్‌లో సెన్సర్లు మార్చాలి. పొద్దున్నే థర్మామీటర్ సున్నాకి కాస్త దిగువనే ఉంది. గాలి సున్నాకి ఎన్ని డిగ్రీలు పైన ఉందో దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి కరుగుదల చెప్పే డిగ్రీ-డే పద్ధతి ప్రకారం కరుగుదల సున్నా. నా బూట్లు మాత్రం చీలమండల దాకా తడిసిపోయాయి! ఆకాశంలో మబ్బు లేదు, మంచు బూడిద రంగులో ఉంది, దాని నిండా పెన్ను దూరేంత నుంచి చెయ్యి పట్టేంత వరకు గుంతలు. ఒక్కో గుంత అడుగున నల్లటి మట్టి, పైన నీళ్లు. ఎండని ఆ నలుపు పీల్చుకుని చుట్టూ ఉన్న మంచుని కరిగిస్తోంది. దానికి గాలి అనుమతి అక్కర్లేదు.

లెక్క వేసి చూడండి. రోజు సగటున చదరపు మీటరుకి 300 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. తాజా మంచు అల్బెడో, అంటే పడిన ఎండలో తిప్పికొట్టే వాటా, 0.8 అయితే లోపలికి వెళ్లేది 60 వాట్లు. కింది గట్టి పాత మంచు, అంటే ఐసు, బయటపడి అది 0.4కి దిగితే 180. తేడా 120 వాట్లు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, ఉపరితలం అప్పటికే సున్నా దగ్గరుంటే ఆ తేడా ఒక్కటే రోజుకి దాదాపు 31 మిల్లీమీటర్ల నీరు. రెండు చోట్లా గాలి ఉష్ణోగ్రత ఒకటే అయినా సరే! డిగ్రీ-డే వాళ్లు దీన్ని దాటడానికి కురిసిన మంచుకి ఒక గుణకం, ఐసుకి ఒక గుణకం పెట్టి, కొలతలకి సరిపోయేదాకా తిప్పి, తర్వాత "మోడల్ కొలతలతో సరిపోయింది" అని రాస్తారు. సరిపోక ఏం చేస్తుంది?

ఇక మబ్బుల సంగతి. 2012 జులై 12న ఉపగ్రహాల ప్రకారం గ్రీన్‌లాండ్ మంచు ఫలకం ఉపరితలంలో దాదాపు 97 శాతం మీద కరుగుదల కనిపించింది. 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సమ్మిట్ స్టేషన్ దగ్గర కూడా. ఆ రోజుల్లో వెచ్చటి గాలి వచ్చిందన్నది నిజమే. కానీ అక్కడ సున్నా దాటించడంలో పలుచటి నీటి మబ్బులకీ పెద్ద వాటా ఉంది. ఎండని దాదాపు అడ్డుకోవు, కిందికి లాంగ్‌వేవ్ (కంటికి కనిపించని వేడి కిరణాలు) మాత్రం పంపిస్తూనే ఉంటాయి. మోడల్‌లో మబ్బు తప్పితే కరుగుదల కూడా తప్పుతుంది. గాలి, తేమ తెచ్చే వేడి ఇంకో తలనొప్పి: ఆ లెక్కకి కావాల్సిన, ఉపరితలం ఎంత గరుకు అన్న ఒక్క సంఖ్య కురిసిన మంచు మీద మిల్లీమీటరులో పదో వంతు ఉండొచ్చు, గడ్డలు లేచిన ఐసు మీద సెంటీమీటర్లలో ఉండొచ్చు.

పైగా కరిగిందంతా సముద్రానికి పోదు. కింద చల్లటి ఫర్న్ పొరల్లోకి, అంటే ఇంకా ఐసుగా మారని పాత మంచులోకి, దిగి మళ్లీ గడ్డకడుతుంది. ఒక కిలో నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడితో సుమారు 160 కిలోల మంచు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. సముద్రమట్టం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని వదిలేస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా బాబాయ్ ఒకసారి "ఎక్కడో మంచు కరిగితే నీకు జీతమెవరిస్తార్రా?" అన్నాడు. నేటికీ జవాబు చెప్పడం కష్టమే.

ఏం చేయాలంటారా? గ్రీన్‌లాండ్ మంచు మీద డేనిష్ వాళ్లు నడిపే ప్రోమైస్ (PROMICE) వాతావరణ స్టేషన్ల డేటా ఉచితం, గంట గంటకీ ఉంటుంది. అది దింపుకోండి. ముందు వచ్చే ఎండ, తిరిగి వెళ్లే ఎండ పక్కపక్కన గీసి చూడండి. ఐసు కరుగుతున్నకొద్దీ స్టేషన్ ఒరుగుతుంది, అక్కడ సూర్యుడు ఎప్పుడూ వాలుగానే ఉంటాడు కాబట్టి కొంచెం ఒరిగినా ఎండ కొలత చెడిపోతుంది. అల్బెడో ఒకటి దాటినట్టు కనిపిస్తే కంగారుపడొద్దు, అదే ఫైల్లో ఒరుగు కోణాలు కూడా ఉంటాయి, సరిదిద్దుకోవచ్చు. ఇది చేయకుండా నేరుగా మోడల్ పైథాన్ కోడ్ పంపమని అడిగితే మాత్రం నేను పంపను.