రోజూ ఆరింటికి తలుపు తియ్యాలి

బరంపురం

చిరంజీవి బాబుకి మాస్టారు ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. విశాఖలో ఉద్యోగం వదిలి వచ్చి, పాత బరంపురంలో నువ్వు పెరిగిన సాహీలోనే, అదే మన వీధిలోనే, కుర్రాళ్ళు సాయంత్రాలు వచ్చి ఆడుకునే, చదువుకునే సెంటర్ పెడతానన్నావు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. గది ఎంత ఉండాలి, రిజిస్ట్రేషన్ ఎలా, డబ్బు ఎవరిస్తారు అని అడిగావు. అవన్నీ చెప్తాను. అయితే సెంటర్ ఎవరికోసమో నీకు ముందు తేటగా తెలియాలి.

మన సాహీ పిల్లాడు బడి మానేసిన రోజుకీ సూరత్ రైలెక్కే రోజుకీ మధ్య రెండు మూడేళ్ళు ఉంటాయి. బడి హాజరు పట్టీలో పేరు పోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు పట్టు మగ్గం మీద వచ్చేదానితో ఇల్లు నెట్టుకొస్తూ ఉంటారు, వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడే తీరిక వాళ్ళకు లేదు. గ్యారేజీలో నాలుగు రోజులు, టిఫిన్ కొట్లో నాలుగు రోజులు, మిగతా అంతా సెల్‌ఫోను, గుట్కా. ఒకనాడు వరసకు అన్నయ్య ఎవరో వచ్చి మరమగ్గాల పనికి తీసుకుపోతాడు. 2020 మే నెలలో లాక్‌డౌన్‌లో కూలీలను ఇళ్ళకు చేర్చే శ్రామిక రైళ్ళు సూరత్ నుంచి వచ్చినప్పుడు మన ఊరి దగ్గరి జగన్నాథపూర్ స్టేషన్‌లో దిగినవాళ్ళలో, నేను నడిపిన సెంటర్లో క్యారమ్స్ ఆడిన పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళలో చాలామంది కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళిపోయారు. సూరత్ వెళ్ళొద్దని నువ్వు ఎవరినీ ఆపలేవు, ఆపకు కూడా. వాళ్ళింటి అన్నం ఆ జీతం మీద ఉడుకుతుంది. కానీ ఆ రెండు మూడేళ్ళూ నీవి. అప్పుడు వాడి చేతికి పరీక్ష పాసైన కాగితం ఒకటి వస్తే, వెళ్ళినచోట మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడే పని ఒక్కటే దిక్కు కాకుండా ఉంటుంది.

ఆ కాగితం సంగతి చెప్తాను, ఇది శ్రద్ధగా చదువు. బడి వదిలినవాణ్ణి మళ్ళీ అదే బడికి పంపాలని మొదటి మూడేళ్ళు నేను తంటాలు పడ్డాను. తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవాలంటే వాడికి చచ్చేంత సిగ్గు. తర్వాత జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ గురించి తెలిసింది, అందరూ ఎన్‌ఐఓఎస్ అంటారు. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి చేరవచ్చు. ఐదేళ్ళ గడువు, తొమ్మిదిసార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. ఈసారి ఒక సబ్జెక్టు, వచ్చేసారి రెండు, అలా రాసుకుంటూ పోవచ్చు. తెలుగులోనూ రాయవచ్చు, ఒడియాలోనూ రాయవచ్చు. లెక్కల భయంతో బడి మానేసిన పిల్లాడికి "ఈ ఏడు తెలుగు ఒక్కటే రాద్దాం" అని చెప్పి చూడు, వాడి ముఖం ఎలా విప్పారుతుందో. ఒకసారి ఒక సబ్జెక్టు పాసయ్యాడా, మిగతావాటికి వాడే నీ వెంటపడతాడు. ఐటీఐలో కొన్ని ట్రేడ్లకు ఎనిమిదో తరగతి చాలు, ఆ జాబితా ఏటా తెచ్చి గోడకు అంటించు.

ఇక వేళ. వారంలో ఏడు రోజులూ సాయంత్రం ఆరింటికి తలుపు తియ్యాలి, తొమ్మిదింటికి వెయ్యాలి. మొదటి ఏడాది పెళ్ళిళ్ళనీ మీటింగులనీ నేను మధ్యమధ్య మూసేవాణ్ణి. వచ్చే పిల్లల్లో ఒకడు రోజూ వెళ్ళేముందు "రేపు కూడా తీస్తారా మాస్టారూ?" అని అడిగేవాడు. చాలా రోజుల తర్వాతగానీ ఆ ప్రశ్న నాకు అర్థంకాలేదు. వాళ్ళ నాన్న ఏ రాత్రి ఇంటికొస్తాడో, ఏ రాత్రి రాడో వాడికి తెలియదు. రేపు కూడా ఉంటుందని నమ్మదగ్గది వాడి బతుకులో ఏదీ లేదు. ఆ రోజు నుంచి రెండో తాళంచెవి చేయించి పక్కింటి కుట్టుపని చేసే అమ్మకు ఇచ్చాను. నాకు జ్వరం వచ్చినా తలుపు తెరుచుకునేది. వాడు అడగడం మానేశాడు.

ఆడపిల్లల వేళ వేరు. మన ఇళ్ళలో అప్పడాల పని ఉంటుంది కదా. ఎండ తగ్గాక అప్పడాలు ఎత్తి డబ్బాలో పెట్టేదాకా అమ్మాయికి కాలు బయట పెట్టే వీలుండదు, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ ఇంట్లో ఉండాలి. అందుకని వాళ్ళకు నాలుగున్నర నుంచి ఆరు వరకు పెట్టు. ఆ గంటన్నర గదిలో మగపిల్లలు ఉండకూడదు, నువ్వు కూడా గుమ్మం బయటే ఉండు, లోపల ఒక పెద్దావిడ ఉండాలి. తల్లులు వచ్చి చూసుకుంటామంటే చాప వేసి కూర్చోబెట్టు. నెల తిరిగేసరికి వాళ్ళే పిల్లల్ని తోలుతారు.

మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది, తర్వాత ఒడిశాలోది. పెద్దలు ఆ మార్పును మనసులో పెట్టుకుని బతికారు, పిల్లలకు ఆ బరువు అక్కర్లేదు. చాలామందికి రెండు భాషలూ మాట్లాడటం వస్తుంది, రెండూ సరిగ్గా చదవడం రాదు. రేషన్ కార్డు దరఖాస్తు ఒడియాలో ఉంటుంది, అమ్మమ్మ పెట్టిన సంతకం తెలుగులో ఉంటుంది. వారానికి రెండు రోజులు ఒకే బల్ల మీద రెండు లిపులూ నేర్పించు. సెంటర్‌ను మాత్రం తెలుగు సంఘం చెయ్యకు. పక్క సాహీ ఒడియా పిల్లాడు చెప్పులు విప్పి లోపలికి వచ్చేలా ఉండాలి. బోర్డు రెండు భాషల్లోనూ రాయించు.

గది గురించి. ఎవరైనా ఉచితంగా ఇస్తానంటే దండం పెట్టి వద్దను. నాకు మొదట ఒక పెద్దమనిషి ఉత్తినే ఇచ్చాడు. ఎన్నికలు వచ్చాయి, ఆయన మనుషులకు ఆ గది కావలసివచ్చింది, పదకొండు రోజుల్లో సామాను వీధిలో పెట్టాను. క్యారమ్ బోర్డు వానలో తడిసి ఉబ్బిపోయింది. చిన్నదైనా సరే, అద్దె కట్టి అగ్రిమెంటు రాయించుకో. ప్రారంభానికి ఏ నాయకుడి ఫ్లెక్సీ కట్టకు, పూజకు చందాలు వసూలు చేసే క్లబ్బు అని పేరు పడనివ్వకు.

కాగితాల పని కష్టమేమీ కాదు. 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు చాలు. ఆ ఏడుగురిలో ఇద్దరు తల్లులుండాలి, నీ బంధువు ఒక్కడూ ఉండకూడదు. తర్వాత సెంటర్ ఆదాయానికి పన్ను మినహాయింపు, దాతలకు పన్ను తగ్గింపు వచ్చే రిజిస్ట్రేషన్లు (12ఏబీ, 80జీ అని పిలుస్తూ వచ్చినవి) ఆదాయపన్ను శాఖ దగ్గర తీసుకో. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకు మూడేళ్ళ పని చూపించాలి, కాబట్టి మొదట దాని ఆశ పెట్టుకోకు. పది రూపాయలిచ్చినా రసీదు రాయి, నెల ఖర్చు గోడకు అంటించు.

ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తున్నాను. ఏ పిల్లతోగానీ పిల్లాడితోగానీ ఏ పెద్దవాడూ తలుపు వేసుకుని ఒంటరిగా ఉండకూడదు. నువ్వూ ఉండకూడదు, నేనొచ్చినా నేనూ ఉండకూడదు. ఎంత మంచి వాలంటీరైనా ఈ నియమం దగ్గర మొహమాటం వద్దు. పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది, దాచడం నేరం. "ఇంటి పరువు" అంటూ నీ దగ్గరికి వచ్చి బతిమాలుతారు. ఆ బిడ్డ వైపే నిలబడు. ఆపదలో ఉన్న పిల్లలు ఫోన్ చేసే 1098 నంబరు గోడ మీద పిల్లల కళ్ళకు అందే ఎత్తులో పెద్ద అంకెలతో రాయించు.

ఠాకురాణీ యాత్ర ఏడాది సెంటర్ ఖాళీ అవుతుందని టెన్షన్ పడకు. రెండేళ్ళకొకసారి వచ్చే పండుగ, ఊరంతా వేషాల్లో ఉంటుంది, పిల్లలకు మాత్రం ఉండాలని ఉండదా? ఆ నెల చదువు ఆపి, రంగులూ కాగితాలూ తెచ్చి వేషాలు అక్కడే కట్టించు. తలుపు మాత్రం తెరిచే ఉంచు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు రేకులు ఎగిరిపోయిన ఇళ్ళకు తార్పాలిన్లు మోసింది, ముసలివాళ్ళను ఎత్తుకొచ్చింది సెంటర్ కుర్రాళ్ళే. వాళ్ళను ఎవరూ పిలవలేదు. చీకటిలో కూడా సెంటర్ ఎక్కడుందో తెలుసు కాబట్టి అక్కడ చేరారు, అక్కణ్ణించి బయల్దేరారు.

నా దగ్గర పాత హాజరు పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఏ పిల్లాడు ఎన్నాళ్ళు వచ్చాడు, ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు అన్నీ రాసి ఉంచాను. నీ పేరు కూడా ఉంది, పరీక్ష తప్పిన ఏడాది నువ్వు రాని నలభై రోజులతో సహా. ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళు. రెండో తాళంచెవి ఎవరి దగ్గర పెడతావో ఆలోచించుకుని రా.

ఆశీస్సులతో
మీ మాస్టారు