అందరూ మాట్లాడేది వద్దన్న చెట్టు గురించే

బైబిల్లో జీవవృక్షం దేనికి గుర్తు, ఆదాము హవ్వలు తిన్నది ఆ చెట్టు పండేనా అని అడిగారు. కాదండీ. వాళ్ళు తిన్నది మంచిచెడ్డల తెలివినిచ్చే చెట్టు పండు. జీవవృక్షం వేరు. రెండూ ఏదెను తోట మధ్యలోనే ఉన్నాయి. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం 2వ అధ్యాయం నింపాదిగా చదివితే, దేవుడు తినొద్దన్నది ఆ ఒక్క చెట్టు పండేనని తెలుస్తుంది. జీవవృక్షం జోలికి వెళ్ళొద్దని ఎక్కడా అనలేదు. అయినా మనవాళ్ళు ప్రసంగాలన్నీ వద్దన్న చెట్టు మీదే చేస్తారు.

చిన్నప్పుడు మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటికకు నాకు కెరూబు వేషం ఇచ్చారు, అంటే ఆదాము హవ్వలను గెంటేశాక జీవవృక్షానికి దారి కాసే దేవదూత. చేతిలో అట్టకత్తి, దానికి సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం అంటించారు. తినకూడని చెట్టు కోసం పెద్ద జామకొమ్మ నరికి తెచ్చి, దానికి ఆపిల్ పళ్ళు దారాలతో వేలాడదీశారు. (ఆ కథలో ఆపిల్ ఊసే లేదు. అంతా క్యాలెండర్ బొమ్మల పుణ్యం.) మరి జీవవృక్షం? వెనకాల కుర్చీకి కట్టిన వేపమండ. దానికి అడ్డంగా నిలబడి నేను కత్తి అటూ ఇటూ తిప్పాలి. ఈలోగా ఆదాము వేషగాడు తన వంతు రాకముందే ఆపిల్ కొరికేశాడు, టీచరమ్మ తెరచాటు నుంచి వాడి తొడ గిల్లింది. జనం ఒకటే నవ్వు. నా కత్తి ఎవరికి పట్టింది!

ఇంటికొచ్చాక మా నాయనమ్మ అడిగింది, "దేనికి కాపలా కాశావురా?" అని. నేను నీళ్ళు నమిలాను. ఆవిడ మోకాళ్ళకు తైలం రాసుకుంటూ, "ఆ పాపంతో, ఈ నొప్పులతో చావు లేకుండా ఉండిపోతే ఎట్లారా? అందుకే దేవుడు దారి మూశాడు" అంది. మనిషి జీవవృక్షం పండు కూడా తిని ఎప్పటికీ బతికిపోకూడదని దేవుడన్న ఆదికాండం 3:22కి ఇంతకన్నా మంచి వివరణ నేను ఏ పెద్ద సభలోనూ వినలేదు. తోట నుంచి గెంటేయడం శిక్షే, కాదనను. కానీ ఆ చెట్టుకు కాపలా పెట్టడం మాత్రం కచ్చితంగా దయే.

బైబిల్లోనే ఉన్న సామెతల గ్రంథంలో ఈ చెట్టు నాలుగుసార్లు వస్తుంది. జ్ఞానం, నీతిమంతుడి ఫలం, తీరిన కోరిక, సాత్వికమైన నాలుక, వీటన్నిటినీ జీవవృక్షం అన్నారు. ఆ నాలుగోది తెల్లవారుజామునే మైకు పెట్టి ఊరంతటినీ అదిలించే మా పాస్టరుగారికి ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

తోటలో మూసిన దారి బైబిల్ ఆఖరి పుస్తకం ప్రకటన గ్రంథం చివర్లో తెరుచుకుంటుంది. 22వ అధ్యాయంలో జీవజలాల నది, దానికి ఇటూ అటూ జీవవృక్షం. మధ్యలో ఆ దారి తెరిచింది యేసు సిలువే అని తొలినాటి క్రైస్తవులు నమ్మారు. రోములో సెయింట్ క్లెమెంట్ చర్చిలో 12వ శతాబ్దపు మొజాయిక్ (రంగురాళ్ళ ముక్కలు పొదిగిన బొమ్మ) ఉంది, ఫొటోలైనా చూడండి. సిలువ మొదట్లోంచి పచ్చని తీగలు పుట్టి గోడంతా అల్లుకుంటాయి, కింద జింకలు నీళ్ళు తాగుతుంటాయి.

ఆ చెట్టు నెలనెలా కాస్తుంది, పన్నెండు కాపులు. దాని ఆకులు జనాలను స్వస్థపరచడానికట. ఒక్క కులాన్నో ఒక్క సంఘాన్నో కాదు, జనాలను. మావాళ్ళు పన్నెండు కాపులను పన్నెండు నెలల ఆశీర్వాదాలుగా లెక్కగట్టి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిల్ మాటలు రాసిన వాగ్దానపు కార్డులుగా పంచుతారు. ఉద్యోగం, ఇల్లు, వీసా అన్నీ వస్తాయి. ఆకుల మాట ఉన్న కార్డు మాత్రం నాకు ఇంతవరకు రాలేదు.