జమ్ముగడ్డిలో అరిచే మట్టిరంగు పిట్టను గుర్తుపట్టడం ఎలా?

నల్గొండ దగ్గరి పానగల్ ఉదయసముద్రం లాంటి చెరువుల అంచున, జమ్ములో గట్టిగా అరుస్తూ కంటపడని గోధుమరంగు పిట్ట గురించి అడిగారు. ముందు సైజు చూడండి, రంగు కాదు.

బుల్‌బుల్‌ కంటే కాస్త చిన్నది, ముక్కు పొడుగ్గా దిట్టంగా, గొంతు గరగరమంటూ మోటుగా ఉంటే దాదాపు ఖాయంగా క్లామరస్ రీడ్ వార్బ్లర్. సుమారు 18 సెం.మీ. ఉంటుంది.

పిచ్చుక కంటే చిన్నదైతేనే అసలు చిక్కు. కంటిపైన లేతగీత చూడండి. ప్యాడీఫీల్డ్ వార్బ్లర్‌కు అది కన్ను దాటి వెనక్కి స్పష్టంగా సాగుతుంది, దాని పైఅంచున నల్లటి ఛాయ ఉంటుంది, నడుము కాస్త ఎర్రగా కనిపిస్తుంది. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్‌కు ఆ గీత కంటి ముందే ఎక్కువ, వెనక తేలిపోతుంది. అది జమ్ములో కంటే గట్టుమీది తుమ్మల్లో, పొదల్లో ఎక్కువగా తిరుగుతుంది, "చెక్, చెక్" అంటుంది. ఈ రెండూ చలికాలపు వలస పిట్టలే, కాబట్టి మండు వేసవిలో కనిపిస్తే అనుమానించండి. తోక మరీ పొడుగ్గా ఉండి పైకెత్తి ఆడిస్తుంటే అది ప్లెయిన్ ప్రినియా, ఏడాది పొడుగునా ఉంటుంది.

తెల్లారి ఎర్రటి ఎండలో ప్రతి పిట్ట నడుమూ ఎర్రగానే కనిపిస్తుంది. చాలామంది అక్కడే పొరబడతారు. సూర్యుడు మీ వెనక, కాస్త పైకి వచ్చాకే రంగు నమ్మండి. జమ్ము నీళ్లను తాకే అంచుకు ఎదురుగా కదలకుండా కూర్చోండి. కాడ వణికిన చోటే బైనాక్యులర్ పెట్టండి. ఫోన్‌లో కూత వినిపించి రప్పించకండి, గూడు కట్టే రోజుల్లో అసలే వద్దు.