పొరుగు దేశాల మధ్య రైళ్లు, పైపులైన్లు వేస్తే చిన్న దేశానికి నిజంగా మేలు జరుగుతుందా?

మీరు అడిగింది ఇది: భారత్, నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్ కలిసి రైలు మార్గాలు, రోడ్లు, పైపులైన్లు, కరెంటు లైన్లు వేసుకుంటున్నాయి కదా, దీనివల్ల చిన్న దేశాలకు లాభమా, లేక చివరికి అంతా పెద్ద దేశానికే పోతుందా అని. నేను విశాఖపట్నంలో ఒక క్లియరింగ్ ఏజెన్సీలో (రేవుకు వచ్చిన సరుకుకు కస్టమ్స్ కాగితాల పని చూసే సంస్థ) కొన్నేళ్లు నేపాల్ సరుకు పని చూశాను. అందుకని నేపాల్ సంగతే ఎక్కువగా చెబుతాను.

నా అభిప్రాయంలో లాభం ఉంది, అది చిన్నదేమీ కాదు. కానీ పట్టాలు వేసినంత మాత్రాన అది వచ్చి పడదు. దారిలో ఉన్న సరుకుకు పూచీ ఎవరిది అన్నది తేలాలి. చిన్న దేశం చేతిలో రెండో దారి కూడా ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత పెద్ద ప్రాజెక్టు కట్టినా అక్కడి వ్యాపారికి మిగిలేది తక్కువే.

విశాఖకూ నేపాల్‌కూ ఏం సంబంధం అని మన ఊళ్లోనే చాలామంది అడిగేవారు. నేపాల్‌కు సముద్రం లేదు. బయటి దేశాల నుంచి వచ్చే సరుకు దశాబ్దాల పాటు కోల్‌కతా, హల్దియా రేవుల మీదుగానే వెళ్లేది. కోల్‌కతా రేవు హుగ్లీ నది మీద, సముద్రానికి చాలా లోపల ఉంది. నదిలో మేట వేస్తుంది, లోతు చాలదు, ఓడలు పోటు కోసం కాచుకోవాలి. పెద్ద కంటైనర్ ఓడలు అక్కడికి రాలేవు కాబట్టి సరుకును కొలంబోలోనో సింగపూర్‌లోనో చిన్న ఓడల్లోకి మార్చాలి. విశాఖది సహజంగానే లోతైన రేవు. 2016 ఫిబ్రవరిలో నేపాల్ ప్రధాని కె.పి. ఓలీ ఢిల్లీ వచ్చినప్పుడు విశాఖను కూడా నేపాల్ సరుకుకు రేవుగా వాడుకోవడానికి రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి.

మ్యాపులో చూస్తే ఇది వింతగా అనిపిస్తుంది. కోల్‌కతా నుంచి నేపాల్ సరిహద్దు ఊరు బీర్‌గంజ్‌కు రైలులో సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ నుంచి సుమారు 1400. దూరం రెట్టింపు. అయినా కొందరు ఖాట్మండూ వ్యాపారులు విశాఖ వైపు మొగ్గారు. వాళ్లు లెక్క వేసుకునేది కిలోమీటర్లలో కాదు, సరుకు ఏ తేదీకి చేతికి వస్తుందో నమ్మకంగా చెప్పగలరా లేదా అన్న దాంట్లో. నెలాఖరుకు వస్తుందని గట్టిగా తెలిస్తే ఆ మేరకు బ్యాంకు అప్పు తీసుకుంటాడు, దుకాణదారుల దగ్గర ఆర్డర్లు పడతాడు. పది రోజులు పట్టొచ్చు, నలభై రోజులు పట్టొచ్చు అంటే ఆ వ్యాపారం జూదమే అవుతుంది.

కాగితాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు డబ్బు అక్కడే పోయేది. పాత పద్ధతిలో నేపాల్ దిగుమతిదారు తరఫు ఏజెంటు రేవులో కస్టమ్స్ ట్రాన్సిట్ డిక్లరేషన్, అంటే ఈ సరుకు భారత్ మీదుగా నేపాల్‌కు వెళ్తోందని చెప్పే పత్రం, వేయాలి. మేం సీటీడీ అనేవాళ్లం. సరుకు దారిలో భారత్‌లోనే అమ్ముడైపోతే సుంకం నష్టం కదా, దానికి హామీగా కొన్ని రకాల సరుకుకు బీమా చూపాలి. రేవులో సీలు తనిఖీ, బిహార్ సరిహద్దు ఊరు రక్సౌల్‌లో మన కస్టమ్స్ వాళ్ల తనిఖీ, అవతల బీర్‌గంజ్‌లో నేపాల్ కస్టమ్స్. సరిహద్దు దాటినట్టు సంతకం పడిన సీటీడీ కాపీ మళ్లీ రేవుకు వెనక్కి రావాలి. అది వస్తేనే ఫైలు మూసినట్టు. కాగితం ఎక్కడో ఒక టేబుల్ మీద ఆగిపోతే పూచీ మొత్తం దిగుమతిదారు నెత్తినే ఉండేది. అతను ఖాట్మండూలో ఉంటాడు, కంటైనర్ ఇక్కడ ఉంటుంది, మధ్యలో జరిగే దేని మీదా అతనికి పట్టు ఉండదు.

దశైన్ ముందు జరిగిన ఒక సంఘటన చెబుతాను. దశైన్ అంటే వాళ్ల దసరా, మనకు సంక్రాంతి ఎంతో వాళ్లకు అదంత. ఖాట్మండూ వ్యాపారి ఒకాయన చైనా నుంచి గాజు, స్టీలు సామాను తెప్పించుకున్నాడు. కంటైనర్ సమయానికే వచ్చింది. కానీ కాగితాల్లో ఉన్న సీలు నంబరుకూ కంటైనర్ మీద ఉన్న నంబరుకూ ఒక అంకె తేడా. పొరపాటు సరుకు ఎక్కించిన చోట జరిగింది. సరిచేసిన లెటర్ ఇవ్వాల్సిన షిప్పింగ్ కంపెనీ విదేశంలోని తమ ఆఫీసు నుంచి జవాబు రాలేదంటూ రోజులు గడిపింది. ఈలోగా రేక్, అంటే కంటైనర్లు మోసే గూడ్సు బండి, వెళ్లిపోయింది. ఛార్జీ లేకుండా కంటైనర్ ఉంచుకునే ఫ్రీ టైమ్ అయిపోయి, కంటైనర్ అట్టిపెట్టుకున్నందుకు డిటెన్షన్ ఛార్జీలు మొదలయ్యాయి. ఆ ఛార్జీలు అదే షిప్పింగ్ కంపెనీకి, అదీ డాలర్లలో కట్టాలి. ఆయన రోజూ ఫోన్ చేసి, "భాయ్‌సాబ్, పండగ వెళ్లిపోయాక ఈ గిన్నెలు ఎవరు కొంటారు?" అని అడిగేవాడు. నా దగ్గర జవాబు ఉండేది కాదు. సరుకు పండగ దాటాకే చేరింది. ఇందులో రైలు తప్పు లేదు, రోడ్డు తప్పు లేదు, రేవు తప్పూ లేదు. ఒక అంకె దిద్దాల్సినవాళ్లకు తొందర లేకపోవడం వల్ల ఆ ఏడాది ఆయన లాభం ఎగిరిపోయింది. ఇప్పటికీ ఆ విషయం తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

2019 నుంచి ఎలక్ట్రానిక్ ట్రాకింగ్ సీలు వచ్చాక చాలా మారింది. కంటైనర్‌కు వేసే సీలు తానెక్కడుందో ఎప్పటికప్పుడు చెబుతుంది, మధ్యలో ఎవరైనా తెరిస్తే వెంటనే తెలిసిపోతుంది. దీంతోపాటు వచ్చిన ఇంకో మార్పు నా దృష్టిలో అంతకన్నా పెద్దది. సరుకును బీర్‌గంజ్ వరకూ చేర్చే బాధ్యత షిప్పింగ్ కంపెనీదే అయింది. దిగుమతిదారు రేవులో విడిగా సీటీడీ వేయించాల్సిన పని పోయింది. పూచీ ఎవరిదో తేలింది కాబట్టి తొందర కూడా వాళ్లకే పుట్టింది. ఇందుకోసం కొత్తగా ఒక్క కిలోమీటరు పట్టా కూడా వేయలేదు. రక్సౌల్ నుంచి బీర్‌గంజ్ పక్కనున్న సిర్సియా డ్రైపోర్టు (సముద్రం లేని చోట కంటైనర్లు దించే కేంద్రం) దాకా రైలు మార్గం 2004 నుంచే నడుస్తోంది.

ఇంకో చిక్కు రేక్ నిండడం. కంటైనర్ రైలు అంటే 45 వ్యాగన్లు, ఇరవై అడుగుల కంటైనర్లయితే 90 పడతాయి. అన్ని కంటైనర్లు పోగయితేనే బండి కదులుతుంది. ఒకటో రెండో కంటైనర్లున్న చిన్న వ్యాపారి మిగతావాళ్ల కోసం కాచుకోవాల్సిందే. చాలాకాలం ఈ మార్గంలో ఒకే ప్రభుత్వ సంస్థ రైళ్లు నడిపేది. 2021 జులైలో రైలు ఒప్పందాన్ని సవరించి, అనుమతి ఉన్న ప్రైవేటు ఆపరేటర్లు కూడా నేపాల్‌కు కంటైనర్ రైళ్లు నడపవచ్చన్నారు. పోటీ వచ్చాక ఏజెంట్లకు కాస్త బేరమాడే వీలు దొరికింది.

ఇక రెండో దారి ఎందుకంత ముఖ్యమో బీర్‌గంజ్ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు చెబితే అర్థమైంది. 2015 ఏప్రిల్‌లో భూకంపం. సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం. దాని మీద తెరాయిలో, అంటే భారత్ సరిహద్దు వెంట ఉన్న నేపాల్ మైదానంలో, అక్కడి మధేశీల ఆందోళన, ఆ వెంటనే సరిహద్దులో సరుకు ఆగిపోవడం. భారత్ అనధికారంగా దిగ్బంధం చేసిందని నేపాల్ అంది, ఆందోళన వల్లే లారీలు కదలడం లేదని భారత్ అంది. ఎవరి మాట ఎలా ఉన్నా పెట్రోలు, వంటగ్యాస్, మందులు దాదాపు ఐదు నెలలు సరిగా అందలేదు. సిలిండర్లు సగం నింపి పంచారు. ఖాట్మండూలో అపార్టుమెంట్ల వాళ్లు కట్టెల మీద వండుకున్నారు. ఆ కష్టం ముగిసిన నెలలోనే విశాఖ ఒప్పందం జరిగింది. తర్వాతి నెలలో నేపాల్ చైనాతోనూ ట్రాన్సిట్ ఒప్పందం, అంటే ఆ దేశం మీదుగా సరుకు తెచ్చుకునే ఒప్పందం, చేసుకుంది. తియాన్‌జిన్ లాంటి చైనా రేవులు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, మధ్యలో హిమాలయాలు, కొండచరియలు. 2025 జులైలో భోటేకోశీ నది వరదకు చైనా సరిహద్దులోని రసువాగఢీ దగ్గర వంతెనే కొట్టుకుపోయింది. ఆ దారిన వెళ్లే సరుకు కొద్దిదే. అయినా కాగితం మీద ఒక దారి ఉండడం కూడా బేరానికి బలమే, నేపాల్ అలా చేయడంలో నాకు తప్పేమీ కనిపించదు.

పైపులైన్ విషయంలో నాకు రెండు మనసులు. బిహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్ వరకు 69 కిలోమీటర్ల పెట్రోలియం పైపులైన్ 2019 సెప్టెంబరులో మొదలైంది. దక్షిణాసియాలో దేశాల సరిహద్దు దాటిన మొదటి పెట్రోలియం పైపులైన్ ఇదే. అనుకున్న గడువులో సగం కాలానికే, 15 నెలల్లో పూర్తి చేశారు. అంతకుముందు డీజిల్ అంతా ట్యాంకర్లలో రక్సౌల్ ఊరి మధ్య నుంచి వెళ్లేది. ఆ ఊరి రోడ్డు చూసినవాళ్లకు తెలుస్తుంది: రైల్వే గేటు పడిందంటే లారీలు, టాంగాలు, ఈ-రిక్షాలు అన్నీ ఒకదాని మీద ఒకటి. పైపులైన్‌తో ఆ రవాణా ఖర్చు తగ్గింది, దారిలో కారిపోవడం, దొంగతనం తగ్గాయి. ఇది నేపాలీ వినియోగదారుకు నేరుగా అందిన లాభం. కానీ ఇంధనం వచ్చే చోటు మాత్రం మారలేదు. 2015 లాంటి రోజు మళ్లీ వస్తే పైపును ఆపడం ట్యాంకర్లను ఆపడం కన్నా తేలిక. అందుకే పైపుతోపాటు నేపాల్ లోపల నిల్వ ట్యాంకులు పెంచుకోవడం అంతే అవసరం.

కరెంటులో మాత్రం లెక్క రెండు వైపులా కుదిరింది. ఒకప్పుడు ఖాట్మండూలో చలికాలం రోజుకు పదిహేను గంటలకు పైగా కోతలుండేవి. నేపాల్‌లోని ధల్కేబర్ నుంచి బిహార్‌లోని ముజఫర్‌పూర్‌కు కరెంటు లైను వచ్చాక భారత్ నుంచి కరెంటు తెచ్చుకుని కోతల నుంచి బయటపడ్డారు. సొంత జలవిద్యుత్ పెరిగాక 2021 చివరి నుంచి అదే లైను మీద వానాకాలపు మిగులును మన విద్యుత్ మార్కెట్లో అమ్ముతున్నారు. 2024 అక్టోబరులో మూడు దేశాలు సంతకాలు చేశాక, నవంబరు 15న నేపాల్ కరెంటు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్ చేరింది. 40 మెగావాట్లే, యూనిట్ 6.4 అమెరికన్ సెంట్లు. అంత చిన్న అంకెకు ఇంత సంబరం ఎందుకని కొందరన్నారు. నాకైతే నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే భారత్ ఇందులో కొనేవాడు కాదు, దారి ఇచ్చేవాడు. అలా దారి ఇవ్వడం అలవాటైతే ఈ ప్రాంతం తీరే మారుతుంది.

మీ రెండో అనుమానానికీ ఆధారం ఉంది. చైనా కంపెనీల పాత్ర ఉన్న ప్రాజెక్టుల నుంచి వచ్చే కరెంటును భారత్ కొనడం లేదు. గ్రిడ్ తనది కాబట్టి షరతు కూడా తనదే. సరుకులోనూ అంతే. నేపాల్ దిగుమతులు ఎగుమతులకు దాదాపు పది రెట్లు ఉంటూ వచ్చాయి. బీర్‌గంజ్ వెళ్లిన కంటైనర్లలో ఎక్కువ భాగం ఖాళీగా తిరిగొస్తాయి, ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా దిగుమతిదారు మీదే పడుతుంది. వంటనూనె ముడిసరుకు తెప్పించి, శుద్ధి చేసి, సుంకం లేకుండా భారత్‌కు అమ్మడం ఈమధ్య పెద్ద ఎగుమతిగా కనిపిస్తోంది. అది మన దిగుమతి సుంకం పెరిగితే పెరిగే వ్యాపారం, సుంకం తగ్గితే కుప్పకూలుతుంది. రైలు మార్గం ఇటు నుంచి సరుకు మోసినంత తేలికగా అటు నుంచి మోయాలంటే అటువైపు ఫ్యాక్టరీలు, నాణ్యత పరీక్షల ల్యాబులు ఉండాలి. నేపాల్ టీకో, యాలకులకో అక్కడ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఇక్కడ ఒప్పుకోవాలి. ఇది మనవైపు నుంచి చేయగలిగిన పని, పెద్ద ఖర్చు కూడా కాదు.

భూటాన్ గురించి ఒక్క మాట. నాలుగు దేశాల లారీలు ఒకరి దేశంలో ఒకరు తిరిగేందుకు 2015 జూన్‌లో థింఫూలో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ దాన్ని తిరస్కరించింది. తమ చిన్న రోడ్ల మీదికి, కొండల మీదికి బయటి లారీలు వచ్చి పడతాయన్నది వాళ్ల భయం. దీన్ని వెనుకబాటుతనం అన్నవాళ్లను నేను చూశాను. నాకలా అనిపించదు. ఎంత తలుపు తీయాలో చిన్న దేశమే తేల్చుకోవాలి. మిగతా ముగ్గురు 2022లో ముందుకు కదిలారు, అయినా లారీలు స్వేచ్ఛగా తిరిగే రోజు ఇంకా రాలేదు. భారత్-బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్-బేనాపోల్ దగ్గర ఈ పక్క లారీ సరుకు దించి ఆ పక్క లారీలోకి ఎక్కించడం, దాని కోసం రోజుల తరబడి బారులు తీరడం మామూలే. దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో సుమారు 5 శాతమే అంటే ఆశ్చర్యమేముంది!

మీరు ఈ విషయాన్ని గమనిస్తూ ఉంటానంటే ఒకటి చెబుతాను. 2025 నవంబరులో భారత్, నేపాల్ ట్రాన్సిట్ ఒప్పందాన్ని మళ్లీ సవరించాయి. బిహార్‌లోని జోగ్‌బనీకీ నేపాల్‌లోని బిరాట్‌నగర్‌కూ మధ్య రైలులో కంటైనర్ సరుకుతోపాటు కంటైనర్లు లేకుండా విడిగా పోసి మోసే సరుకుకు కూడా వీలు ఇచ్చారు. విశాఖ నుంచి ఉత్తరప్రదేశ్ సరిహద్దులోని నౌతన్వా దారినీ అందులో చేర్చారు. నౌతన్వా అవతల నేపాల్ ఊళ్లు భైరహవా, బుట్వల్. ఇప్పటిదాకా బుట్వల్ వ్యాపారి కంటైనర్ బీర్‌గంజ్‌లో దిగితే అక్కడి నుంచి పడమరకు లారీలో వెళ్లాలి. నారాయణ్‌ఘాట్-బుట్వల్ రోడ్డు ఏళ్ల తరబడి వెడల్పు చేస్తూనే ఉన్నారు, వానాకాలం వస్తే బురదలో లారీలు దిగబడతాయి. నౌతన్వాకు నేరుగా రేకులు మొదలైతే వాళ్లకు ఆ బాధ తప్పుతుంది. అవి వారానికి ఎన్ని నడుస్తాయి, నిండకపోయినా చెప్పిన రోజుకే బయలుదేరతాయా అన్నది చూడండి. నేనూ దానికోసమే చూస్తున్నాను.