ఆపరేషన్ లేకుండా పాత మడమ నొప్పి తగ్గుతుందా?

తగ్గుతుంది. అమ్మగారి మడమ నొప్పికి రెండేళ్లు నిండాయనీ, ఎక్స్‌రేలో ఎముక పెరిగినట్టు కనబడడంతో ఇంట్లో ఆపరేషన్ మాట వచ్చిందనీ రాశారు కనుక, ముందుగా ఆ ఎముక గురించిన భయం వదలమని కోరుతున్నాను. నొప్పి ఏమాత్రం లేనివారి మడమల్లోనూ అటువంటి ముల్లు కనబడుతుంది. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుకు ప్రాణం విలవిల్లాడి, నాలుగడుగులు పడ్డాక కాస్త సర్దుకుంటుంటే, బాధంతా దాదాపుగా మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద సాగే గట్టి పొరదే.

నేను రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలిని. మాత్రలకూ విశ్రాంతికీ లొంగని నా మడమ నొప్పికి దారి చూపింది ఒక ఫిజియోథెరపిస్టు. ఆవిడ నన్ను మెట్ల దగ్గరకు తీసుకువెళ్లి, తువ్వాలును చుట్టగా చుట్టి మెట్టు అంచున పెట్టి, వేళ్లు దానిమీద పైకి వంగేలా, మడమ మెట్టు బయట ఉండేలా ఒంటికాలిపై నిలబెట్టారు. మూడు లెక్కపెట్టేలోగా పైకి లేవాలి, రెండు లెక్కలు ఆగాలి, మళ్లీ మూడు లెక్కలకు నెమ్మదిగా దిగాలి. పిక్క గజగజా వణికింది, గోడ పట్టుకోక తప్పలేదు. "పొరకు బలం వచ్చేది బరువు మోస్తేనేనండీ, రోజు విడిచి రోజు చేయండి" అన్నారావిడ. డెన్మార్క్ పరిశోధకులు 48 మందిపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వ్యాయామం చేసినవారు అరికాలిని సాగదీసే వ్యాయామం చేసినవారికంటే మూడు నెలలకే బాగా కోలుకున్నారు. ఏడాది గడిచేసరికి ఇరువర్గాలూ సమానమేనని తేలినా, నిలబడి బతుకు వెళ్లదీసేవారికి ఆ ముందు నెలలే ప్రాణం.

మన ఇళ్ల గచ్చుల గురించి కూడా చెప్పాలి. గ్రానైటు పరిచిన వంటగదిలో ఆడవాళ్లు గంటల తరబడి వట్టి కాళ్లతో నిలబడతారు, చెప్పులు వేసుకుంటే పెద్దలు ముఖం చిట్లిస్తారు. పూజగదికి వద్దు, వంటింటికి మాత్రం అమ్మగారికి ఒక జత ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు కొనిపెట్టండి. స్పర్శ కోల్పోయిన కుష్ఠు రోగుల పాదాలను సైతం కాపాడిన మెత్తని రబ్బరు అది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే ఉపశమనం కొన్ని వారాలదే, పదేపదే చేయించుకుంటే పొర తెగే ప్రమాదమూ, మడమ కింది కొవ్వు పలచబడే ప్రమాదమూ ఉన్నాయి. వ్యాయామానికి నెలల తరబడి లొంగకపోతే నొప్పి ఉన్నచోట చర్మం పైనుంచే శబ్ద తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స గురించి అడగండి. అమ్మగారికి షుగరు ఉన్నా, తిమ్మిర్లు ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి వస్తున్నా ముందు వైద్యునికి చూపించి, ఆ తరువాతే మెట్టు ఎక్కించండి, అదీ మొదట్లో రెండు కాళ్లతో, గోడ ఆసరాతో.