ఏకదశ రాకెట్ కట్టబోయే యువ ఇంజినీరుకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ప్రాథమిక లెక్కలూ శ్రద్ధగా చదివాను. దారిలో ఏ భాగాన్నీ వదిలేయకుండా కక్ష్యకు చేరి, క్షేమంగా దిగి, మళ్లీ చోదకం (ఇంధనం, దాన్ని మండించే ఆక్సిజన్) నింపుకుని ఎగిరే ఏకదశ రాకెట్‌ను నిర్మించాలన్న నీ ఉత్సాహాన్ని నీరుగార్చడం నా ఉద్దేశం కాదు. అయితే నీ పత్రాల్లో ఇంజిన్‌కు పన్నెండు పేజీలు, ఖాళీ బరువుకు అర పేజీ కేటాయించి ఉండటం చూశాక, ఈ జవాబు కొంచెం వివరంగానే రాయవలసి వస్తోంది.

భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. గురుత్వాకర్షణ వల్లా, గాలి నిరోధం వల్లా నష్టపోయేది కూడా కలుపుకుంటే రాకెట్ సమకూర్చుకోవలసింది దాదాపు 9.3 కిలోమీటర్లు. రష్యన్ శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్ సమీకరణంలో ఈ సంఖ్యను వేసి, ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే మంచి ఇంజిన్‌కు ప్రయాణం మొత్తం మీద సగటున 430 సెకన్ల స్పెసిఫిక్ ఇంపల్స్ (చోదకాన్ని ఇంజిన్ ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) వస్తుందనుకుంటే, 100 టన్నులతో లేచిన వాహనంలో కక్ష్యకు చేరేది 11 టన్నులే. ట్యాంకులు, ఇంజిన్లు, ఉష్ణ కవచం, దిగేటప్పుడు ఆనే కాళ్లు, దిగడానికి దాచుకున్న చోదకం, చివరికి పేలోడ్ (కక్ష్యకు మోసుకెళ్లే సరుకు), అన్నీ ఆ 11 టన్నుల్లోనే ఇమడాలి. కిరోసిన్‌తో అయితే ఆ మిగులు 5 టన్నుల దగ్గర ఆగిపోతుంది. అంతమాత్రాన హైడ్రోజనే మేలని తీర్మానించకు. అది ఘనపు మీటరుకు 71 కిలోలు మాత్రమే తూగే ద్రవం కనుక, ఆక్సిజన్‌తో కలిపి చూసినా అదే బరువు గల కిరోసిన్, ఆక్సిజన్ జంట కంటే దాదాపు మూడు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ట్యాంకు పెరుగుతుంది, దాని మీది ఇన్సులేషన్ పెరుగుతుంది, పంపులు బరువెక్కుతాయి. మీథేన్‌ను కూడా చేర్చి మూడింటికీ పూర్తి వాహనం లెక్క కట్టిన తరువాతే చోదకాన్ని ఖరారు చెయ్యి.

రెండు దశల రాకెట్‌లో మొదటి దశ కొన్ని కిలోలు బరువెక్కితే పేలోడ్‌లో ఒక కిలో తగ్గుతుంది. నీ వాహనంలో ఆ వెసులుబాటు లేదు. ఒక కిలో పెరిగితే పేలోడ్‌లో సరిగ్గా ఒక కిలో పోతుంది. ఖాళీ బరువు 10 టన్నులు, పేలోడ్ 1 టన్ను అనుకున్న డిజైన్‌లో బరువు పది శాతం పెరిగిందంటే, కక్ష్యకు చేరేది వట్టి వాహనమే. అందుకని మొదటి రోజు నుంచే ఒక బరువు పద్దు తెరువు. ప్రతి భాగానికీ అంచనా వేసిన బరువు, డ్రాయింగు నుంచి లెక్కించిన బరువు, తక్కెడ మీద తూచిన బరువు అని మూడు గళ్లు ఉండాలి. ఆ పద్దు చూసే మనిషికి ఎవరి డిజైన్‌నైనా తిప్పి పంపే అధికారం ఇవ్వు. కాగితం మీద ఉన్నప్పుడే ఖాళీ బరువుకు ఇరవై శాతం పెరుగుదల కలుపుకో. అలా కలిపితే పేలోడ్ సున్నాకు చేరుతుందంటే, ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. అమెరికా స్పేస్ షటిల్ పెద్ద ట్యాంకుకు 1981లో మొదటి రెండు ప్రయాణాలకు తెల్ల రంగు వేసి, మూడోదానికి మానేశారు. ఆ రంగు బరువు దాదాపు 270 కిలోలు. నీ వాహనంలో రంగుకు కూడా ఒక వరుస ఉండాలి.

బరువు తగ్గించడానికి కొత్త పదార్థాన్ని నమ్ముకునేటప్పుడు అమెరికా ఏకదశ ప్రయోగ వాహనం ఎక్స్-33 చరిత్ర క్షుణ్ణంగా చదువు. కార్బన్ కాంపోజిట్ తేనెపట్టు గోడలతో చేసిన దాని హైడ్రోజన్ ట్యాంకు 1999 నవంబరులో నేల మీది పరీక్షలో చల్లని ద్రవాన్నీ, ఒత్తిడినీ తట్టుకుంది. దెబ్బతిన్నది ద్రవాన్ని ఖాళీ చేశాక. లోపలి పొరలోని సూక్ష్మమైన పగుళ్ల గుండా గోడ లోని గదుల్లోకి చేరిన హైడ్రోజన్, ట్యాంకు వెచ్చబడేసరికి వ్యాకోచించి పై పొరను ఊడదీసింది. 2001లో ఆ కార్యక్రమమే ఆగిపోయింది. కాబట్టి ట్యాంకును నింపి చూడటంతో సరిపెట్టుకోకుండా, నింపడం, ఖాళీ చేయడం, వేడెక్కనివ్వడం, మళ్లీ నింపడం అన్న చక్రాన్ని పదే పదే తిప్పి, ప్రతిసారీ గోడను పరీక్షించు. ఇంజిన్ కంటే ముందు డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఇంజిన్ నుంచి వేడి వాయువు బయటికి దూసుకొచ్చే గొట్టం, అంటే నాజిల్ గురించి నువ్వు చాలా రాశావు. నేల మీదా, శూన్యంలోనూ ఒకే నాజిల్ సమర్థంగా పనిచేయదు కనుక గాలి ఒత్తిడికి తగ్గట్టు తనంత తానే సర్దుకునే ఏరోస్పైక్ నాజిల్ ఆకర్షణీయంగానే ఉంటుంది, కాని ఇంతవరకు ఏ వాహనాన్నీ అది కక్ష్యకు చేర్చలేదు. రెండు కొత్త విషయాలను ఒకే వాహనంలో పరీక్షించవద్దు.

తిరుగు ప్రయాణంలో మాత్రం నీకు ఒక అనుకూలత ఉంది. కక్ష్యా వేగంలో ప్రతి కిలోకు దాదాపు 30 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, అదంతా వాతావరణంలో వదిలించుకోవాలి. అయితే ఖాళీ ట్యాంకులతో వచ్చే పెద్ద, తేలికైన వాహనం గాలి పలచగా ఉన్న ఎత్తులోనే వేగం కోల్పోతుంది కనుక, చిన్న, బరువైన క్యాప్సూల్ కంటే తక్కువ వేడిని ఎదుర్కొంటుంది. నీ లెక్కల్లో ఈ లాభం ఎక్కడా కనిపించలేదు.

ఇక చవక సంగతి. స్పేస్ షటిల్ ముప్పై ఏళ్లలో 135 సార్లు ఎగిరింది, తిరిగి వాడుకోగలిగింది కూడా. అయినా చవక కాలేదు, ఎందుకంటే ప్రతి ప్రయాణం తరువాతా నెలల తరబడి తనిఖీలూ, మరమ్మతులూ సాగేవి. దీనికి భిన్నంగా, కక్ష్యకు చేరే ఉద్దేశమే లేని చిన్న ప్రయోగ వాహనం డీసీ-ఎక్స్‌కు మెరుగుపరచిన రూపం 1996 జూన్‌లో 26 గంటల వ్యవధిలో రెండుసార్లు ఎగిరింది. అదే ఏడాది జూలై 31న ఒక గొట్టాన్ని తిరిగి కలపకపోవడం వల్ల ఒక కాలు తెరుచుకోక, దిగిన తరువాత పడిపోయి కాలిపోయింది. త్వరగా ఎగరడం ఎంత ముఖ్యమో, బిగించిన ప్రతి జాయింటునూ రెండో మనిషి చూడటమూ అంతే ముఖ్యం. నువ్వు కూడా మొదట కక్ష్య జోలికి పోకుండా, కొద్ది కిలోమీటర్లు లేచి దిగే వాహనం కట్టి, దాన్ని వారానికి రెండుసార్లు ఎగరేయగల స్థితికి తీసుకురా. ఏ భాగం ఎన్ని ప్రయాణాలకు అరుగుతోందో ఆ ప్రయాణాలే చెబుతాయి.

నీకు అసలు పోటీ రెండు దశల వాహనాలతోనే. స్పేస్‌ఎక్స్ సంస్థ రాకెట్ ఫాల్కన్ 9 మొదటి దశ 2015 డిసెంబరులో దిగింది, 2017 మార్చిలో అలాంటిది ఒకటి మళ్లీ ఎగిరింది, ఇప్పుడు కొన్ని ఇరవైసార్లకు పైగా ఎగిరాయి. కక్ష్యా వేగానికి చాలా ముందే విడిపోతుంది కాబట్టి ఆ దశకు నీ వాహనానికున్నంత వేడి బాధ లేదు. నీ ఖర్చును దానితో పోల్చి చూసి, ఏకదశ ఎక్కడ గెలుస్తుందో, ఎక్కడ ఓడుతుందో పెట్టుబడి పెట్టేవారికి దాపరికం లేకుండా రాసి ఇవ్వు. చంద్రుడి మీద నుంచి కక్ష్యకు చేరడానికి సెకనుకు రెండు కిలోమీటర్ల లోపు వేగం చాలు. అపోలో వ్యోమగాములు తిరిగి లేచింది ఒకే దశతోనే. నీ డిజైన్‌కు మొదటి గిరాకీ అక్కడ దొరికే అవకాశాన్నీ తోసిపుచ్చకు.

బరువు పద్దు మొదటి ప్రతి తయారు కాగానే పంపు. అందులో ట్యాంకులూ, దిగే కాళ్లూ ఉన్న వరుసలను ముందుగా చూసి, నా అభ్యంతరాలను పక్కనే గుర్తుపెట్టి తిప్పి పంపుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి